అంచులు కలవని దుప్పటి

తమ్ముడూ,

అమ్మని ఇంకో పెద్ద డాక్టరుకి చూపించమని మళ్లీ రాశావు. చూపించాను. ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ఒంట్లో ప్రొటీను పూసల దండలా తయారవుతుందట. నీళ్లంటే పడని పూసలు లోపలికి దాక్కుంటాయి, పడేవి పైకి వస్తాయి. అలా ఎవరూ చెప్పకుండానే దండ మడతపడి, తన పనికి తగ్గ ఆకారంలో కుదురుకుంటుంది. అమ్మ మెదడులో ఒక ప్రొటీను తప్పుగా మడతపడింది. పక్కనున్న మంచివాటిని కూడా తనలాగే చేస్తోంది.

"మరి విప్పి సరిచేయలేరా?" అన్నాను. ముప్పై ఏళ్లుగా ఆస్పత్రి దుప్పట్లు మడతపెట్టేదాన్ని, ఇంకేం అడుగుతాను?

"మందు లేదమ్మా. ఇది మీ రక్తంలోనే వస్తోంది. మీ ఇద్దరిలో ఎవరికైనా రావచ్చు" అన్నారు.

ఒకరికొస్తే రెండోవాళ్లకి రాదు కదా అని ఆశగా అడిగాను. అలాంటి లెక్కేమీ లేదట.

నువ్వు వెంటనే పరీక్ష చేయించుకో. నాతో వాదించకు.

నాకు పరీక్ష అక్కర్లేదు. అమ్మకి మొదట చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం కుదరలేదు, మనం నవ్వాం, గుర్తుందా? నిన్న పనిలో దుప్పటి అంచులు నాలుగుసార్లు కలపబోయాను, కలవలేదు. అవతలి కొస పట్టుకున్నావిడ నవ్వేసి, "ఏముందక్కా, విప్పి మళ్లీ మడతేద్దాం" అంది.

అక్క