దర్జీ ఇంటి కింద గుల్ల

చిన్నోడికి,

అమ్మ ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. నీ ఉత్తరం మొదలు నుంచి చివరిదాకా హాస్టల్ తిండిని తిట్టావు కాబట్టి నువ్వూ బాగానే ఉన్నావని అర్థమైంది. ఒంట్లో బాగా లేనప్పుడు నువ్వు తిట్టవు, మూలుగుతావు. నాన్న కూడా క్షేమమే. కొత్త కళ్ళజోడు గురించి నాకు రెండు పేజీలు రాశాడు.

"తవ్వకుండానే లోపల ఏముందో ఎలా తెలుస్తుంది, చెయ్యి చూసి జాతకం చెప్పినట్టా?" అని అడిగావు. ఎగతాళి చాలించు. నేలలో వరసగా ఇనప మేకులు దిగ్గొట్టి, రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా వాటి దగ్గర కొలతలు తీసుకుంటాం. మేం వెతికే రాగి ఖనిజం ఉంటే కరెంటు సులువుగా పోతుంది. గట్టి రాతిలో కష్టంగా పోతుంది. ఖాళీ ఎదురైతే దాటలేక చుట్టూ తిరిగిపోతుంది. ఆ కొలతలన్నీ కలిపితే నేల కోసి చూపినట్టు ఒక బొమ్మ వస్తుంది. బొమ్మంటే ఫోటో కాదురా, ఊహకు దగ్గరి చుట్టం.

ఇక్కడి గని కార్మికుల ఇళ్ల వైపు ఖనిజం సాగిందేమో చూడమని నన్ను పంపారు. వెనక వీధి వెంట కొలిచాం. రాగి ఆనవాలే లేదు. ఆ వీధిలో బట్టలు కుట్టే దర్జీ ఆవిడ ఇంటి దగ్గర మాత్రం బొమ్మలో కరెంటు పోని మచ్చ ఒకటి కనబడింది. ఎవరో ఎప్పుడో తవ్వి, పటంలోకి ఎక్కించకుండా వదిలేసిన సొరంగమేమోనని అనుమానం వచ్చింది. మేకులు మార్చి మళ్ళీ కొలిచాను. మచ్చ చెరగలేదు.

గని మేనేజరు దగ్గరికి పరుగెత్తాను.

"ఆ ఇళ్లవాళ్ళు హాయిగా ఉన్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నాడు.

"డ్రిల్లు వేసి చూద్దాం సార్. అప్పటిదాకా వాళ్ళను ఇంకెక్కడైనా ఉంచండి."

"డ్రిల్లు వస్తుంది. ఈలోగా మీరు నోరు మాత్రం మెదపకండి."

మెదిపాను. అటునుంచటే వెళ్ళి దర్జీ ఆవిడ తలుపు కొట్టాను. ఆవిడ నోట్లోంచి గుండుసూదులు తీసి, "మా ఇంటి కిందా? అద్దె కట్టకుండా ఎవరున్నారక్కడ?" అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. ఆ వరసలోని వాళ్ళంతా పరుపులు చుట్టుకుని బడి హాల్లోకి మారారు.

డ్రిల్లు వచ్చింది. ఇంటి ముందు, వీధిలో మొదటి రంధ్రం వేశారు. అంతా గట్టి రాయి. "కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేడమ్‌గారికి ఎలుక కూడా దొరకలేదు," అన్నాడు మేనేజరు, నలుగురిలో. జనం తిరిగి ఇళ్లకు వెళ్ళిపోయారు. దర్జీ ఆవిడ నా దగ్గరకొచ్చి, "పోనీలేమ్మా, మంచే జరిగింది," అంది.

ఆ మంచి నాకు మంచిగా తోచలేదు. కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కంచం ముందు అవే కొలతలు, మంచం మీద అవే కొలతలు. చివరికి తట్టింది. ఇళ్ల మధ్య చోటు లేక వీధి వెంటే కొలిచాం. గుల్ల పక్కగా ఉన్నా సరే, బొమ్మలో మేకుల కిందే ఉన్నట్టు కనబడుతుంది.

డ్రిల్లు మేస్త్రీని బతిమాలాను. "పెరట్లో ఒక్కటి వెయ్యన్నా."

"మేనేజరు నన్ను నమిలేస్తాడు."

"ముందు నన్ను నమలాలిగా. నీ దాకా వచ్చేసరికి కడుపు నిండిపోతుందిలే."

నవ్వుతూనే డ్రిల్లు బండిని పెరట్లోకి తిప్పాడు.

"చివరికి ఎవరి మాట నెగ్గింది?" అని అడుగుతావు. నాదే. కొంత లోతు వెళ్ళాక డ్రిల్లు కడ్డీ ఒక్కసారిగా మనిషి ఎత్తు కిందికి జారింది. మేస్త్రీ ఇంజను ఆపేశాడు.

ఇప్పుడు నాన్నకు కూడా రాయని సంగతి రాస్తున్నాను. కడ్డీ జారగానే నేను నవ్వాను. ఆ నేల గుల్లగా ఉండాలని, నా లెక్క తప్పు కాకూడదని అప్పటిదాకా కోరుకుంటూనే ఉన్నాను. ఆ నేల మీద మనుషులు పడుకుంటారురా. తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో దర్జీ ఆవిడ. కడ్డీని కాదు, నన్ను చూస్తోంది.

"దొరికినట్టుందే," అంది. అంతే. తిట్టినా బాగుండేది.

మేనేజరు పరుగున వచ్చాడు. రంధ్రంలోకి రాయి వేసి విన్నాడు. తనే ఇంటింటికీ తిరిగి వీధి ఖాళీ చేయించాడు. ముందు వీధి కూడా కొలవమన్నాడు. కాబట్టి సెలవులకు నువ్వొచ్చేసరికి నేను ఇంట్లో ఉండను. నిద్రపోతున్నావా అని అడక్కు.

సామాన్లు మోసే రోజు ఎవరూ పిలవకుండానే వెళ్ళాను. ఆవిడ ఒక్కతే కుట్టుమిషను లాగుతోంది.

"నన్ను క్షమించండి," అన్నాను.

"అది తర్వాత చూద్దాం. ముందు ఆ చివర పట్టుకో, నడుం విరుగుతోంది."

పట్టుకున్నాను. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ ఇద్దరం గది దాటాం. కాగితం మీద ఆ చోటును ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కింద గుల్లని తెలిసి దాని మీద కాలు పెట్టడం అదే మొదటిసారి.

ఇట్లు,
నీ అమ్మ