పంచదార పుర్రె మీద నీ పేరు

అమ్మా,

ఇక్కడ అందరం కులాసా. తొమ్మిదేళ్లొచ్చినా టూవాకి అక్షరం ముక్క రాదని, క్రిస్మస్‌కి దాన్ని స్వీడన్ పంపేస్తే నువ్వే బళ్లో వేస్తానని రాశావు. ముందు ఇది విను.

చనిపోయినవాళ్ల పండగని ఇక్కడ మెక్సికోలో, మా టొలూకా సంతలో పంచదార పుర్రెలు పెట్టారు. చాయో అత్త కాగితం పొట్లంలోంచి పంచదార ముద్ద పిండుతూ వాటి నుదుళ్ల మీద పేర్లు రాసి అమ్ముతుంది. మన పిల్ల రోజూ అక్కడే. నిన్న ఆవిడ, "ఎంతసేపని గుడ్లప్పగించి చూస్తావే? నా చెయ్యి పడిపోతోంది, పట్టు!" అని పొట్లం దీని చేతిలో పెట్టింది. ఇది నాలుక బయటపెట్టి, వంకరటింకరగా "గున్వోర్" అని రాసింది. నీ పేరే! కంగారుపడకు, ఇక్కడ బతికున్నవాళ్లకీ ముద్దుగా రాయించి ఇస్తారు.

"ఎవరు నేర్పారే?" అని నేనడిగితే, "అమ్మమ్మ కవర్ల మీద ఉంటుందిగా" అంది. బడికి పంపలేదు, నేనూ పాఠం చెప్పలేదు. ఇంకా ఏమేం ఏరుకుని దాచుకుందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

నీ మోకాలు ఎలా ఉంది? పొయ్యి గొట్టం తుడిపించావా? టూవాకి ఊలు మేజోళ్లు పంపు, పాతవి పట్టడం లేదు. పుర్రెని ఎవర్నీ కొరకనివ్వడం లేదు, నువ్వొచ్చి తినాలట. నాన్నని అడిగానని చెప్పు.

పక్కనున్న అడ్రసు చూశావా? అది నా రాత కాదు. మీ పోస్టుమాన్ చదవగలిగాడు కాబట్టే ఈ కార్డు నీ చేతిలో ఉంది.

నీ
యిల్వా