బాలమ్మ పగలగొట్టిన తాళం

నవంబర్ 12
నేను పాఠం చెప్పే ఎనిమిదో తరగతి పిల్లలతో గద్వాల. పాత ఫైర్ స్టేషన్‌ని మ్యూజియం చేశారు. ఇత్తడి హెల్మెట్లు, చేత్తో కొట్టే పంపు... పిల్లలు ఎర్ర బండి ఎక్కి దిగరు. నేను గోడ దగ్గరే ఆగిపోయాను. పత్తి మిల్లు కాలిన రోజు ఫోటో. మసిబారిన ముఖాలతో ఫైర్ సిబ్బంది. వాళ్ల పక్కన కొంగు నడుముకు బిగించిన ఆడమనిషి, చేతిలో తూకం రాయి. కింద అక్షరాలు — ‘గుర్తు తెలియని మహిళ’.

మా అమ్మ.

నవంబర్ 13
అమ్మ చెప్పే కథ: ఫైరింజన్‌లో నీళ్లు అయిపోయాయి. మిల్లు ట్యాంకు గదికి తాళం. తాళంచెవి ఉన్న సూపర్‌వైజర్ రాయచూరులో. తనే రాయితో పగలగొట్టింది.

మిల్లువాళ్లు చెప్పింది వేరు — గదిలోని రాగి తీగ కోసం పగలగొట్టిందని. అమ్మకు మిల్లులో కూలి పని పోయింది. బడిలో నేను ‘తాళాల బాలమ్మ బిడ్డ’ను. ఆమెతో బజారుకు వెళ్లడం మానేశాను... అప్పుడు తొమ్మిదేళ్లు నాకు. ఇవాళ్టికి ఇంతే రాయగలను.

నవంబర్ 15
ఫోన్‌లో తీసుకొచ్చిన ఆ ఫోటో అమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది.
“గీ చీర చింపి నీకు లంగా కుట్టిచ్చిన.” అంతే అంది.

నవంబర్ 16
ఆదివారం. వనపర్తి బస్టాండ్‌లో, గద్వాల బస్సు ఎక్కనని అమ్మ మొరాయింపు. “ఆడ మల్ల ఎవరన్న దొంగ అంటే?”
“నేనున్న గదమ్మా.”

మ్యూజియంలో అన్నీ వివరించేది కిష్టయ్యగారు, రిటైరైన ఫైర్‌మన్. ఫోటోలో ఎడమ చివర నిలబడింది ఆయనే. అమ్మను చూశాడు. ఫోటోను చూశాడు. మళ్లీ అమ్మను.

“తాళం పగలగొట్టింది నువ్వేనా అక్కా?”

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నేనే. తీగ మాత్రం నేను తియ్యలే.”

“తీగేంది! పొగల ముగ్గురం ఇరుక్కున్నం. పైపుల నీళ్లు బందైనయ్. నువ్వు ట్యాంకు ఇప్పకుంటే మా పని ఖతమే. నీ కోసం మల్ల మిల్లుకు పోయిన. పని ఇడిచిపెట్టి పోయిందన్నరు. పేరు సుత చెప్పలే.”

చూడ్డానికి వచ్చినవాళ్లందరినీ కేకేశాడు — “గిటు రాండ్రి! గీమె వల్లనే నేను బతికిన!”

ఏడుస్తుందనుకున్నాను. అమ్మ గొంతు సవరించుకుని, తాళం ఎన్ని దెబ్బలకు ఊడిందో చెప్పడం మొదలుపెట్టింది. మూడు. తిరుగు బస్సులో కండక్టర్‌కూ చెప్పింది. పక్క సీటు ఆమెకు నాలుగని చెప్పింది. నేను సరిదిద్దలేదు.

నవంబర్ 19
కిష్టయ్యగారి ఫోన్. ఫోటో కింద రాయడానికి అమ్మ పేరు కావాలట. నేను చెప్పబోతుంటే ఫోన్ లాక్కుని తనే చెప్పింది — నిదానంగా, ఒత్తి పలుకుతూ.

నవంబర్ 24
ఫోటో కింద కొత్త పలక: ‘బాలమ్మ, మిల్లు కూలీ. తాళం పగలగొట్టి నీళ్లు అందించింది.’

చదువు రాని అమ్మ నాతో మూడుసార్లు చదివించుకుంది. పాత స్టేషన్ గంట కొట్టమన్నారు. ఒక్కసారి కొట్టి ఊరుకోలేదు... రోడ్డు మీద ఆటోలు ఆగేదాకా కొట్టింది. కిష్టయ్యగారి నవ్వు, నా చప్పట్లు. అరచేతులు ఇంకా మండుతున్నాయి.

నవంబర్ 26
వీపనగండ్ల నుంచి చిన్నమ్మ ఫోన్. “మా అక్క గదా!” అని ఊరంతా చెప్పుకుందట. అప్పట్లో మా ఇంటికి రావడమే మానేసిన చిన్నమ్మ. అమ్మ నవ్వుతూనే మాట్లాడింది.

నవంబర్ 27
పొద్దున. చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా అమ్మ — “అప్పుడు నువ్వన్న నమ్మినవా బిడ్డా?”

బడికి టైమైందని లేచాను. చెప్పులు వేసుకున్నాను. వాకిలి దాకా వెళ్లి, వెనక్కి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను... ఈనె తీశాను.

అమ్మ తొందరపెట్టలేదు.