క్యానులో వచ్చిన సముద్రం

మార్గశిరం, ఆదివారం రాత్రి

అత్తమ్మ ఇవాళ తన రెండు కాళ్ళ మీద నడిచి ఇంట్లోకి వచ్చింది! ఎవరి భుజమూ పట్టుకోలేదు.

ఆసుపత్రిలో చేర్చిన రోజు ఆమె కాలు బొబ్బలెక్కి, మోకాలి దాకా నల్లగా వాచిపోయింది. అసలే షుగరు, పైగా లివరు జబ్బు. "సముద్రంలో దిగినావా పెద్దమ్మా?" అని డాక్టరు అడిగాడు. "నా జన్మలో సముద్రం చూళ్ళేదు నాయనా" అంది. అది నిజమే. డాక్టరు తల ఊపి బయటికి వెళ్తుంటే నాకు క్యాను గుర్తొచ్చింది.

కార్తీక పౌర్ణమి స్నానానికి కొత్తపట్నం వెళ్ళినప్పుడు, రాలేకపోయిన అత్తమ్మ కోసం మావారు క్యాను నిండా సముద్రపు నీళ్ళు పట్టి తెచ్చారు. ఉప్పునీళ్ళకు పగుళ్ళు మానతాయని ఆమె మడమలు అందులో నానబెట్టుకుంది.

"సార్, ఆమె పోలే! సముద్రమే మా ఇంటికొచ్చింది, క్యాన్లో!" అని అరిచాను. మావారు నా వైపు గుడ్లురిమారు. డాక్టరు మాత్రం గిరుక్కున వెనక్కి తిరిగాడు. అది పగుళ్ళలోంచి దూరిన సముద్రపు బ్యాక్టీరియా అయి ఉంటుందని వెంటనే మందు మార్చాడు, ఆ పూటే కుళ్ళిన కండ తీసే ఆపరేషన్ చేయించాడు. కాలు తీసేయాలేమో అన్న నర్సమ్మే ఇవాళ ఆ కాలికి చెప్పు తొడిగి పంపింది.

సాయంత్రం మిగిలిన నీళ్ళు పారబోశాను. మడమల పగుళ్ళు ఇంకా పూడలేదు, నాకదే దిగులు. అత్తమ్మ మాత్రం గడపలో నిలబడి అంటుంది గదా:

"వచ్చే కార్తీకానికి నన్నూ తీస్కపోండి. అంత దూరం నుంచి నా మీదికొచ్చిందే, అదెట్లుంటదో నేను చూడొద్దా?"