వాల్వుకు వేసిన క్లాంపు

మార్చి 3, సోమవారం
ఈ రోజు నా భుజాల మీద ఒక మహత్తర బాధ్యత పడింది. సాల్వెంట్ ట్యాంకు కింది వాల్వుకు యాక్చుయేటర్, అంటే దాన్ని తెరిచి మూసే యంత్రం, ఎంపిక చేయాలి. పెళ్లిసంబంధం చూసినంత పని. అక్కడి ఆవిరి ఒక్క నిప్పురవ్వకే భగ్గుమంటుంది. స్టోర్సులో పడున్న మామూలు మోటారుది పెట్టెయ్యమన్నారు మేనేజర్ గారు. పెడితే షెడ్డుతో పాటు తమరూ పైకి పోతారని సవినయంగా మనవి చేశాను.
గాలితో నడిచేది ఎంచాను. గాలి ఉన్నంతసేపూ వాల్వు తెరిచి ఉంటుంది. మంటల్లో గాలి గొట్టం కాలిపోతే లోపలి స్ప్రింగు కడ్డీని కిందికి నెట్టి మూసేస్తుంది. ఆ స్ప్రింగుది ఏనుగు బలం.

మార్చి 11
బిగించారు. టెస్టులో ధడేలుమని మూసుకుంది. ఆ షెడ్డు ఆపరేటర్ మా అక్క మొగుడే. ఎగిరిపడ్డాడు. జన్మలో మొదటిసారి బావని భయపెట్టాను.

మార్చి 14
గాలి పంపే కంప్రెసర్ నీరసిస్తోంది. గాలి తగ్గినప్పుడల్లా వాల్వు మూసుకుని బ్యాచ్ చెడుతోంది. తిట్లు బావకి. యాక్చుయేటర్‌కి అన్నీ నా బుద్ధులే వచ్చాయట, ఊరికే మూతి ముడుచుకుంటోందట.

మార్చి 17
కడ్డీ దిగకుండా బావ ఇనుప క్లాంపు బిగించాడు. ఇక గాలి పోయినా వాల్వు మూసుకోదు. తీయబోయాను. కాలరు పట్టి పైపులకేసి కొట్టాడు. కడుపులో ఒకటిచ్చాను. ఆ తర్వాత మన పరాక్రమం ముగిసింది. పెదవి చిట్లింది, ముందు పన్ను కదిలింది.
రిపోర్టు రాస్తే బావ ఉద్యోగం ఊడుతుంది. కంప్రెసర్ బాగయ్యాక తీస్తానన్నాడు. రాయలేదు. మెట్ల మీద పడ్డానని అక్కకి చెప్పాను. ఏ మెట్లని అడిగింది.

మార్చి 18
క్లాంపు ఉంది.

మార్చి 19
ఉంది. చూడనట్టు వచ్చేశాను.

మార్చి 20, సాయంత్రం ఆరు, ఆసుపత్రి
మధ్యాహ్నం ఆ వాల్వు కింది హోసు పగిలి సాల్వెంట్ అంటుకుంది. పైకప్పు రేకులు కత్తుల్లా ఊడిపడ్డాయి. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ వీపు మీద చొక్కా చర్మంతో సహా ఊడొచ్చింది. గాలి గొట్టం కరిగిపోయింది. వాల్వు మూసుకోవాలి. క్లాంపు మూసుకోనివ్వలేదు. ట్యాంకులోది మంటలోకి ధారగా పోతోంది.
స్పానర్ పట్టుకుని పరిగెత్తాను. బావ లాక్కున్నాడు.
"నువ్వు పోరా. బిగించింది నేను."
ఛాతీ మీద తన్ని బయటికి తోశాడు.
బోల్టు వదిలింది. క్లాంపు ఎగిరిపోయి గోడలో దిగబడింది. కడ్డీ కిందికి దూకింది. దాని కింద బావ కుడిచెయ్యి ఉంది. ఎముకలు నలిగిన చప్పుడు ఆ హోరులోనూ వినిపించింది. వాల్వు మూసుకుంది. మంట తగ్గింది.
సిలిండర్ తెచ్చి, గాలి ఎక్కించి, కడ్డీ లేపేసరికి ఇరవై నిమిషాలు. అంతసేపూ బావ తల నా ఒళ్లో. నా ఎంపిక సరైనదే. అక్కడే వాంతి చేసుకున్నాను.

మార్చి 24
చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. స్ప్రింగుదే లోపమని రాసిస్తే బావ ఉద్యోగం ఉంటుందన్నారు మేనేజర్ గారు. అక్కకి క్లాంపు సంగతి మొత్తం చెప్పాను. వార్డు బయట నన్ను గోడకి నెట్టి చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది.
"మీ బావకి బుద్ధి లేదు. చదువుకున్నవాడివి, నువ్వు చూసి ఎట్లా ఊరుకున్నావురా?"

మార్చి 27
ప్రమాదం రిపోర్టులో క్లాంపు బిగించింది ఎవరన్న చోట బావ పేరు రాశాను. దాని కింద, చూసి ఊరుకున్నది అని నా పేరు. చదివి వినిపించాను. బావ ఎడమచేత్తో సంతకం పెట్టాడు. మొదటి అక్షరం తిరగబడింది.