హోర్తెన్సియా పిన్ని ఉత్తరాలు

మతాన్సాస్, 1983 ఆగస్టు 9

ప్రియమైన ఎవేలియో,

దీన్ని టపాలో వేయడం లేదు, అక్కడ విప్పి చదువుతారు. మయామీ నుంచి తల్లిని చూడవచ్చిన ఒకామె జాకెట్టు మడతలో వస్తోంది. అందుకని ఈ ఒక్కసారికి మగవాడిగానే రాస్తున్నాను. టపాలో మాత్రం ఎప్పటిలాగే నేను హోర్తెన్సియా పిన్నిని, నువ్వు మా అక్క కూతురు నెరెయిదవి.

మగవాణ్ణి ప్రేమించే మనలాంటి మగవాళ్ళను ఈ విప్లవ ప్రభుత్వం ఏం చేసిందో సినిమా తీస్తున్నారనీ, కెమెరా ముందు మాట్లాడమంటావా అనీ అడిగావు. మాట్లాడు. కమగ్వేయ్‌లో ముళ్ళకంచె శిబిరంలో మనచేత చెరుకు కొట్టించిన సంగతి చెప్పు. "ఏమే అమ్మాయిలూ, సాయంత్రానికైనా మగాళ్ళయ్యారా లేదా?" అని ఆ కార్పొరల్ వరసలో నిలబెట్టి అడిగేవాడే, అదీ చెప్పు. నా పేరు మాత్రం ఎత్తకు. పదకొండేళ్ళు శ్మశానం ఊడ్చాక నన్ను మళ్ళీ బొమ్మలాట థియేటర్లోకి రానిచ్చారు. అది పోతే నేను బతకను.

టపాలో సినిమా అనకు. పెళ్ళి అను.

నీ నివాల్దో


మయామీ, 1984 మార్చి 2

ప్రియమైన హోర్తెన్సియా పిన్నీ,

పెళ్ళి దివ్యంగా జరిగింది. రెండు గంటలు వాగాను. ఎవరి పేరూ చెప్పలేదు, నీ మీదొట్టు. మనం ఉత్తరాలెలా రాసుకుంటామో చెప్పేసరికి పెళ్ళివారు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. బొమ్మలకు గౌన్లు కుట్టే మతాన్సాస్ పిన్ని వాళ్ళకు తెగ నచ్చింది.

ముద్దులతో,
నెరెయిద


మతాన్సాస్, 1984 అక్టోబరు 14

ఏమే పిచ్చిదానా,

ఇన్నాళ్ళూ రాయలేదని అలగకు. చెయ్యి వాచింది, పొరుగమ్మాయిచేత రాయిస్తున్నాను. నీ పెళ్ళి కబుర్లు మా దాకా వచ్చాయి. ఒంటరిగా తోచడం లేదే. చెరుకు తోటలో మనతో ఉన్న అర్హిమీర అడ్రసు పోగొట్టుకున్నాను. నీ దగ్గరుంటే పంపవూ?

మీ పిన్ని


మయామీ, 1984 నవంబరు 20

ప్రియమైన పిన్నీ,

హమ్మయ్య, రాశావు! భయపడి చచ్చాననుకో. అర్హిమీర కార్దెనాస్‌లో, పాత ఉప్పు గిడ్డంగి వెనక రెండో ఇల్లు. ఇద్దరు ఆడపిల్లలు. మొగుడికి ఇంకా ఏమీ తెలియదట, జాగ్రత్తగా మాట్లాడు. చేతికి వేడినీళ్ళ కాపడం పెట్టు.

నీ నెరెయిద


మతాన్సాస్, 1985 మార్చి 30

ఎవేలియో,

ఇదీ మనిషి చేతనే పంపుతున్నాను.

జూన్‌లో రహస్య పోలీసులు నన్ను పట్టుకుపోయారు. నీ సినిమా చూసినవాళ్ళలో వీళ్ళ మనిషీ ఉన్నాడు. బొమ్మలకు గౌన్లు కుట్టే పిన్ని కోసం ఊరంతా వెతకక్కర్లేకపోయింది. అక్టోబరు ఉత్తరం నాది కాదు, ఒక లెఫ్టినెంట్ రాశాడు. పంపేముందు నాకు చదివి వినిపించి, "మీ పిన్ని ఇలాగే మాట్లాడుతుందా?" అని అడిగాడు. అప్పటికి నాలుగు రోజులుగా నన్ను పడుకోనివ్వలేదు. అతను "ప్రియమైన కుమార్తె" అని మొదలెట్టాడు. పిన్ని అలా అనదు, "పిచ్చిదానా" అంటుందని దిద్దింది నేనే. నిన్ను తిట్టుకుందామంటే నాకు నోరు లేదు.

మనం అర్హిమీర అనే అర్హిమీరోను డిసెంబరులో తెచ్చి నా పక్క గదిలో వేశారు. వీధి నిఘా కమిటీవాళ్ళు అతని ఇంటి మీద కోడిగుడ్లు విసిరారట. రేషన్ గుడ్లు, పిల్లలకు పెట్టకుండా దాచి మరీ విసిరారట. పెళ్ళాం చూస్తుండగా అతన్ని లాక్కొచ్చారు. "నా ఇల్లు వీళ్ళకెవరు చూపించార్రా?" అని గోడ అవతల నుంచి రోజూ అడిగేవాడు. నీ జవాబులోంచే దొరికిందని నేను చెప్పలేదు. ఫిబ్రవరిలో దుప్పటితో ఉరి వేసుకున్నాడు.

నన్ను మాత్రం వదిలేశారు. థియేటర్లో పనీ తిరిగి ఇచ్చారు. ఎందుకో తెలుసా? ఇకనుంచి పిన్ని ఉత్తరాలు నేనే రాయాలి, నా చేతిరాతతోనే. వాటిలో ఏడుస్తాను, జబ్బుపడ్డానంటాను, మనవాళ్ళంతా ఎక్కడున్నారో చెప్పమని నిన్ను కాళ్ళావేళ్ళా పడి బతిమాలతాను. నిజంగానే ఏడుస్తూ రాస్తానేమో కూడా.

జవాబు రాయకు.

నివాల్దో