నుసి పడ్డ వడియాలు

మౌలాలి, శనివారం రాత్రి

మా ఫిర్యాదు మీద కాలుష్య నియంత్రణ మండలి అధికారి ఇంటికి వచ్చాడు. వీధి చివర ఆసుపత్రి చెత్త కాల్చే బట్టీ యజమానీ వెంట వచ్చాడు.

"మా పొగల ఏం లేదు సార్. గాలంత సాఫ్."

పక్కగదిలో తమ్ముడు ఆయాసంతో ఎగపోస్తున్నాడు. మేడ మీద నల్లటి నుసి అంటుకుని ఎండిన వడియాలు వేయించి, యజమాని ముందు పెట్టాను.

"తినండి అంకుల్."

"ఇయ్యాల ఒక్కపొద్దు బిడ్డా," అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అధికారి ప్లేటు వంకే చూస్తూ, "సోమవారం వచ్చి చిమ్నీ చూస్త" అన్నాడు. వస్తాడో, రాడో...

రేపు ఆదివారం, ఒక్కపొద్దు సాకు ఉండదు. మిగిలిన వడియాలు డబ్బాలో పెట్టాను. బట్టీ యజమాని గేటు దగ్గర, ఆయన తినేదాకా నిలబడతాను. మాట్లాడాల్సిన పని కూడా లేదు.